పదమూడో పేరుపట్టీ

పదకొండో నంబరు చొక్కా పౌను మీద నాలుగు ఔన్సులు తూగింది. వర్లిన్ టకెట్ దాన్ని కొక్కెం మీంచి తీసి ఎడం చేత్తో మెషీను నోట్లోకి విసిరి, కుడి చేత్తో గోడ మీది నల్లబల్ల మీద అంకె వేశాడు. అంకె వేసేటప్పుడు ఆయన నాలుక కొస పెదవి మూలకు వచ్చి నిలబడుతుంది. రెండో తరగతిలో బయటికొచ్చిన నాలుక, అరవై నిండబోతున్నా లోపలికి పోలేదు.

ఎల్డన్ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటశాల కింద, నేల మాళిగలో ఉంది ఆ గది. బట్టలుతికే మెషీన్లు రెండు, ఆరబెట్టేవి మూడు, వాటి మధ్య ఒక కుట్టుమిషను, ఒక చెక్క కుర్చీ. కిటికీ లేదు. బయట జనవరి మంచు మోకాలి లోతున పడి ఉన్నా ఈ గదిలో గొట్టాలకు చెమటలు పడుతూనే ఉంటాయి. వర్లిన్ ఒకప్పుడు ఆరడుగుల రెండంగుళాల మనిషి. ఆ రెండంగుళాలనూ మెషీన్ల మీద వంగి వంగి ఈ గదిలోనే ఎక్కడో పారేసుకున్నాడు. సబ్బుపొడికి వేళ్ల చివర్లు పగిలి, ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చాయి. గోళ్లు మాత్రం పెళ్లికూతురి గోళ్లంత తెల్లగా ఉంటాయి. పెళ్లి సంగతి ఎవరైనా అడిగితే, “మెషీను ఒప్పుకోలేదు” అనేవాడు. అడిగేవాళ్లు పోయి కూడా ఇరవై ఏళ్లయింది.

ఆ తూనిక గురించి చెప్పాలి. మూతపడ్డ మాంసం కొట్టు నుంచి అరవై ఏళ్ల కిందట అప్పటి కోచ్ ఎవరో తెచ్చి వేలాడదీసిన స్ప్రింగు తూనిక అది. ఏ ఆటగాడికి ఏమివ్వాలో కోచ్‌లకు ఎటూ తేలనప్పుడు మూడు రోజులు వరసగా ఆటగాళ్ల చొక్కాలు తూచాలి. విప్పిన చొక్కా విప్పినట్టే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, మర్నాడు పొద్దున తూచాలి. ఎవరి చొక్కా బరువైతే అది వాడికే దక్కాలి. వెనకటికి ఒకడి చొక్కా ఆరు పౌన్లు తూగిందనీ, పిండితే అందులోంచి ఒక చేప జారిపడిందనీ ఊళ్లో చెప్పుకుంటారు. చేప సంగతి అబద్ధం కావచ్చు. కొక్కెం వంగిన మాట మాత్రం నిజం. అది ఇప్పటికీ వంకరగానే ఉంది.

ఈసారి తేలనిది స్కాలర్‌షిప్ సంగతి. జట్టుకు పదమూడు స్కాలర్‌షిప్‌లు. పన్నెండు మంది తింటున్నారు. పదమూడోవాడు క్రిస్మస్‌కు టెక్సస్‌లో ఇంటికెళ్లి, అక్కడి ఎండ మరిగి, ఇక రానని ఫోన్ చేశాడు. దాంతో ఒక ఖాళీ. దాన్ని బయటి నుంచి ఎవరినైనా తెచ్చి నింపాలా, వచ్చే ఏడాదికి అట్టే పెట్టాలా, ఉన్నవాళ్లలో సొంత ఫీజు కట్టుకుని ఆడేవాడికి ఇవ్వాలా అని ముగ్గురు చిన్న కోచ్‌లు మూడు వారాలుగా మూడు దారులు లాగుతున్నారు. పెద్ద కోచ్ హోల్గ్రెన్ అంతా విని, “చొక్కాలు తూచండి” అన్నాడు.

ఇంకో ఆచారం కూడా ఉంది. స్కాలర్‌షిప్ ఉన్నవాడి ఎర్రకోటు వీపున మాత్రమే పేరు ఉంటుంది. సొంత ఫీజువాడి వీపు బోడి. ఆటకు ముందు అందరూ ఆ కోట్లు వేసుకుని పరుగెత్తుకుంటూ మైదానంలోకి వస్తారు. మూడు వేల జతల కళ్లు పేర్లున్న వీపుల్ని చదువుకుంటూ పోయి, బోడి వీపు దగ్గర ఆగకుండా దాటిపోతాయి. ఆ పేర్ల పట్టీలు కుట్టేది వర్లిన్. ముప్పై ఎనిమిదేళ్లలో నాలుగైదు వందల పేర్లు కుట్టి ఉంటాడు.

ఇక మిగిలింది ముప్పై నాలుగో నంబరు సంచి. వర్లిన్ దాని ముడి విప్పలేదు. చేత్తో ఎత్తి చూశాడు. ముప్పై ఎనిమిదేళ్ల చెయ్యి అది, తూనిక కంటే ముందే చెప్పేస్తుంది. పౌనున్నర. బుధవారం అంతే, గురువారం అంతే, నిన్నా అంతే. సంచిని మెషీను మీద పెట్టి, లైటు తీసి, టిఫినుకు వెళ్లాడు.

బానీ హోటల్లో గుండ్రబల్ల దగ్గర అప్పటికే సభ తీరింది. డ్వేన్ ప్రూయిట్ కిటికీ వైపు కుర్చీలో ఉన్నాడు. ట్రాక్టర్లు అమ్ముతాడు. ఆరడుగుల ఎనిమిదంగుళాలు. కూర్చున్నా పక్కవాళ్లు నిలబడ్డంత కనిపిస్తాడు. వర్లినూ ఆయనా ఒకే ఏడు కాలేజీలో చేరారు, ఒకే జట్టులో ఆడారు.

“రావోయ్ వర్లిన్. నీకంటే ముందు నీ సబ్బు వాసనొచ్చి కూర్చుంది,” అన్నాడు డ్వేన్.

వర్లిన్ కూర్చున్నాడు. బానీ అడక్కుండానే కాఫీ పోసి, గ్రేవీలో తేలుతున్న రొట్టెముద్దలు ముందు పెట్టింది.

“ఏడడుగులవాడే కావాలి,” అంటున్నాడు క్షౌరశాల క్లీట్. “నెవాడాలో ఉన్నాడట. నిచ్చెన లేకుండా వీధి దీపాలు మారుస్తాడట.”

“వాడికి మోకాళ్లు లేవుట కదా,” అంది బానీ. “మా అక్క కొడుకు చూశాడు. మెట్లు దిగేలోపు సినిమా అయిపోయిందట. అట్టే పెట్టండి ఆ ఖాళీని. వచ్చే ఏడు ష్రోడర్ వాళ్ల కవలలు వస్తారు.”

“ఒక్క ఖాళీలో ఇద్దరు కవలలెలా పడతారే?”

“ఒకడి భుజాల మీద ఒకణ్ణి కూర్చోబెట్టు. నీ ఏడడుగులవాడు చాలడు.”

బల్ల చుట్టూ నవ్వారు. డ్వేన్ నవ్వలేదు. కాఫీ కప్పు మెల్లగా కింద పెట్టాడు. చర్చిలో ప్రార్థనకు ముందు అలా పెడతాడు పుస్తకం.

“మీకెవరికీ బుద్ధి లేదు. అది ఆ పాలవాళ్ల కుర్రాడికివ్వాలి. బోంట్రేగర్ వాళ్ల ఎజ్రాకి. రెండున్నరేళ్లుగా సొంత ఫీజు కట్టుకుని, ప్రాక్టీసులో పెద్దవాళ్ల చేతుల్లో గుద్దులు తింటూ ఆడుతున్నాడు. అసలు ఆటలో పట్టుమని పది నిమిషాలు దిగలేదు. నిన్ననే కోచ్‌తో చెప్పా. స్కాలర్‌షిప్ అంటే ఎత్తు చూసి ఇచ్చేది కాదయ్యా, చెమట చూసి ఇచ్చేది.”

ఈ మాట అన్నవాడు ఆరడుగుల ఎనిమిదంగుళాలు. ఆ సంగతి అక్కడ ఎవరికీ తోచలేదు. క్లీట్ అయితే తల కూడా ఊపాడు.

“అంత కష్టపడ్డవాడు ఈ కాలేజీలో ఎప్పుడైనా ఉన్నాడా అసలు?” అంది బానీ, కళ్లు కాస్త తడి చేసుకుని.

డ్వేన్ పైకప్పు వైపు చూసి ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు, అదే పెద్ద బాధ. “నాకు తెలిసి లేడు,” అన్నాడు. “వర్లిన్, నువ్వు చెప్పు. చొక్కాలుతికేవాడివి నువ్వేగా. ఉన్నాడా?”

వర్లిన్ చెంచా గ్రేవీలో ఆగింది.

“లేడు,” అన్నాడు.

రొమ్ము మధ్యలో మంట లేచింది. ఆయన దాన్ని గుర్తుపట్టాడు. పాత చుట్టమే. డ్వేన్ మాట్లాడినప్పుడల్లా వచ్చి కూర్చుని పోతుంది. ఈసారి ఎడం భుజం దాకా వచ్చింది. ముద్దలు సగం వదిలేసి లేచాడు.

ఉన్నాడు. ఎందుకు లేడు? ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఇదే జనవరి, ఇదే తూనిక. వరసగా మూడు రోజులు వర్లిన్ టకెట్ చొక్కా రెండు పౌన్లకు తగ్గలేదు. డ్వేన్ ప్రూయిట్ చొక్కా వారం తొడుక్కున్నా ఉతక్కుండా మడతపెట్టి అలమరలో దాచుకోవచ్చు. అప్పటి కోచ్ రస్క్ అంతకు ముందు నెలలోనే, “జనవరిలో చూద్దాం టకెట్” అన్నాడు. చూద్దాం అన్న మాట తల్లుల చెవిలో ‘సరే’ అనే పడుతుంది. వర్లిన్ తల్లి లూయెల్లా పనివాళ్ల ఓవరాల్స్ ఫ్యాక్టరీలో జేబులు కుట్టేది. వార్త రాకముందే ముదురెరుపు గుడ్డ కొని, తెల్ల అక్షరాలు కత్తిరించి, కొడుకు పేరుతో పట్టీ కుట్టేసింది. కుట్టి ఊరుకుందా, ఫ్యాక్టరీ బల్లల వెంట తిరిగి అందరికీ చూపించి వచ్చింది.

మూడో రోజు రస్క్ నల్లబల్ల చూశాడు. తరవాత డ్వేన్ తల ఎక్కడిదాకా వస్తుందో చూశాడు. “చెమట రీబౌండ్ బంతి పట్టదోయ్ టకెట్, ఎత్తు పడుతుంది,” అన్నాడు. తూనిక మాట నెగ్గనిది ఆ ఒక్క ఏడాదే. ఆ వసంతంలో వర్లిన్ ఫీజు కట్టలేక చదువు మానేశాడు. బట్టల గదిలో మనిషి కావాలంటే, జూన్ దాకా అని చేరాడు. అలాంటి జూన్లు ముప్పై ఎనిమిది గడిచాయి. ఆయన చేతులతో కుట్టిన మొట్టమొదటి పట్టీ మీది పేరు ప్రూయిట్.

ఇంత జరిగినా డ్వేన్ చెడ్డవాడు కాదు. అదీ కష్టం. చెడ్డవాడైతే తిట్టుకుని బతకొచ్చు. ఏటా క్రిస్మస్‌కు పంది తొడ పంపుతాడు. వర్లిన్ ఆ మాంసం వండుకుని తింటాడు, తిన్నంతసేపూ ఒళ్లు మండుతూనే ఉంటుంది, ఎముక దగ్గర మాత్రం వదలడు.

ఆటశాలకు తిరిగొచ్చేసరికి పైన బంతి చప్పుడు. ఖాళీ మైదానంలో ఎజ్రా బోంట్రేగర్ ఒక్కడే బంతి వేసి, తనే పరుగెత్తి, తనే పట్టుకుంటున్నాడు. చెవులు పెద్దవి, మోచేతులు పెద్దవి. మిగతాదంతా ఆ రెంటినీ మోయడానికి అమర్చినట్టుంటుంది. వర్లిన్‌ను చూసి ఆగి, బెంచీ మీది సంచిలోంచి ఒక సీసా తీశాడు.

“టకెట్ గారూ, మా అమ్మ పంపింది. ఆపిల్ గుజ్జు. రొట్టె మీద రాసుకోండి.”

“నాకెందుకు?”

“ఉతికే ఆయనకివ్వమంది. నా చొక్కాలుతకడం అంటే ఏంటో ఆవిడకి తెలుసు కదండీ.”

వర్లిన్ సీసా పుచ్చుకున్నాడు. ఇంకేం అనాలో తోచక, “ఇవాళ తేలుస్తారట,” అన్నాడు.

“అవునండి. సోమవారం లోపల ఈ టర్ము ఫీజు కట్టాలి. అది మా వల్ల కాదు. అవునంటే ఉంటాను, కాదంటే ఆదివారం బండెక్కుతాను.” కుర్రాడు నవ్వాడు. “ఆవులకి నేనంటే ఇష్టమేనండి. మైదానంలోలా గుద్దవు.”

“మీ అమ్మతో చెప్పావా?”

“చెప్పలేదండి. చెప్తే చర్చి మొత్తానికీ చెప్పేస్తుంది. తర్వాత కాదంటే తల ఎక్కడ పెట్టుకుంటుంది?”

వర్లిన్ మెట్లు దిగాడు. ఇంత చిన్న వయసుకు ఈ తెలివి వీడికెవడిచ్చాడు? తనకెందుకు లేకపోయింది? లూయెల్లా ఆ ఏడాది ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనం బల్ల దగ్గర తినడం మానేసి, కుట్టుమిషను వెనక కూర్చుని తినేది. ఎంతకాలం తిన్నదో వర్లిన్ ఎప్పుడూ అడగలేదు.

లైటు వేశాడు. ముప్పై నాలుగో నంబరు, ఎజ్రా సంచి ముడి విప్పాడు. చొక్కా బయటికి తీశాడు. బరువుగా, చల్లగా, అప్పుడే పట్టిన చేపలా ఉంది. కొక్కెం వైపు ఒక అడుగు వేశాడు. తరవాత ఆ అడుగు వెనక్కి తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్లాడు.

చొక్కా పిండటం ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. రెండు కొసలు పట్టుకుని, కుడి చేత్తో బయటికి, ఎడం చేత్తో లోపలికి మెలిపెట్టాడు. చెమట మొదట ధారగా, తరవాత చుక్కలుగా దిగింది. రెండున్నరేళ్ల గుద్దులు గొట్టంలోకి గుడగుడమంటూ పోయాయి. ఇంకో మెలి తిప్పాడు. రొమ్ములో మంట మళ్లీ లేచి ఎడం మోచేతి దాకా పాకింది. డ్వేన్ ఎదురుగా లేకపోయినా వచ్చిందేమా అనుకున్నాడు. అసూయకు రొమ్ము మండుతుందని లోకంలో ఎవరికి తెలియదు? అందుకే దాన్ని ఆయన ఇంకో రకంగా అనుమానించలేదు.

కొక్కేనికి తగిలించాడు. పదకొండు ఔన్సులు, ముప్పాతిక పౌను కూడా లేదు. నల్లబల్ల మీద రాశాడు. ఈసారి నాలుక బయటికి రాలేదు.

తొమ్మిదింటికి హోల్గ్రెన్ మెట్లు దిగి వచ్చాడు. మినెసోటా మనిషి. మాటలు కూడా చలికి దాచుకున్నట్టు పొదుపుగా వాడతాడు. నోట్లో ఎప్పుడూ ఒక పళ్లపుల్ల. నల్లబల్ల ముందు నిలబడి పై నుంచి కిందికి చదివాడు. కింది నుంచి పైకి చదివాడు.

“ముప్పై నాలుగు, పదకొండు ఔన్సులు,” అన్నాడు.

“అంతే తూగింది.”

“ఊఁ.” పుల్లను ఈ చెంప నుంచి ఆ చెంపకు మార్చాడు. “నిన్న ప్రాక్టీసుకి ముందు ఆ కుర్రాడు నూట ఎనభై ఎనిమిది పౌన్లు వర్లిన్. ప్రాక్టీసయ్యాక నూట ఎనభై మూడు. పైన మా తూనిక ఒకటుందిలే, మనుషుల్ని తూచేది. ఐదు పౌన్ల నీళ్లు. అందులో ఒకటైనా చొక్కాలో ఉండాలి కదా. ఏమైనట్టు?”

మెషీను తిరుగుతోంది. తొట్టి అడుగున ఇంకా తడి ఉంది. హోల్గ్రెన్ తొట్టి వైపు చూశాడు, వర్లిన్ చేతుల వైపు చూశాడు, అరిచేతుల్లో మెలిపెట్టిన ఎర్ర చారలు ఇంకా పోలేదు. తరవాత మర్యాదగా తూనిక వైపు చూశాడు.

“పాత స్ప్రింగు,” అన్నాడు. “నా మోకాళ్లలాగే. చలికి పట్టేస్తుంది.”

వర్లిన్ తొట్టికి అడ్డంగా జరిగాడు.

“నీ చెయ్యి ఏం చెప్తోంది?” హోల్గ్రెన్ సుద్దముక్క తీసి ఆయన ముందుకు చాపాడు. “ఇంచుమించు ఈ తూనికంత పాతది నీ చెయ్యి. నాకు దాని మీదే నమ్మకం.”

ఆ సుద్దముక్క ఎంత బరువు ఉంటుంది? వర్లిన్ దాన్ని రెండు చేతులతో పుచ్చుకున్నాడు. పదకొండును మణికట్టుతో చెరిపాడు. పౌనున్నర అని రాశాడు.

“మంచిది,” అన్నాడు హోల్గ్రెన్. “జూన్ దాకా ఎలాగూ ఖాళీయే. నెవాడావాడికి మోకాళ్లు లేవు, కవలలకి ఇంకా పరీక్షలే కాలేదు. వీడికిచ్చేద్దాం. జూన్ నాటికి ఒకడి చదువు అయిపోయి ఇంకోటి ఖాళీ అవుతుంది, కవలల సంగతి అప్పుడు చూద్దాం, వీడి చదువు వీడికి సాగుతుంది. సాయంత్రం ఆరున్నరకల్లా కోటు మీద పేరుండాలి.” మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరగకుండానే అన్నాడు: “రస్క్ రాసిన పుస్తకాలు నా గదిలోనే ఉన్నాయి వర్లిన్. ఆ ఏడాదిది చూశాను. రెండు పౌన్ల రెండు ఔన్సులు.”

వెళ్లిపోయాడు. వర్లిన్ కుర్చీలో కూర్చున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లకు ఒకడికి తెలిసింది. తెలిసి, ఎవడికిచ్చాడు? బోంట్రేగర్‌కి. సిగ్గు ఒక పక్క, మంట ఒక పక్క. రెండూ కలిసి ఆయన్ను కుర్చీకి కుట్టేశాయి.

పన్నెండింటికి పైన జట్టు సమావేశం. హోల్గ్రెన్ గొంతు లీలగా వినిపించి ఆగింది. ఆ వెంటనే పన్నెండు జతల కాళ్లు ఒకేసారి నేలను తొక్కాయి. గొట్టాలు ఊగాయి, నల్లబల్ల వంకర తిరిగింది, ఆపిల్ గుజ్జు సీసా మెషీను అంచు దాకా నడిచి ఆగింది. ఆనాడు తన పేరు చెప్పి ఉంటే ఈ కప్పు ఏమై ఉండేదో అని వర్లిన్ ఆలోచించాడు. ఊడి పడేది, అనుకున్నాడు.

కాసేపటికి ఎజ్రా దిగి వచ్చాడు. తోటివాళ్లు నెత్తిన పోసిన నీళ్లు ఇంకా చెవుల మీంచి కారుతున్నాయి. చేతిలో ఎర్రకోటు.

“మీరే కుట్టాలన్నారండీ.”

“నేను కాక ఇంకెవరు కుడతారు?”

“అమ్మకి ఫోన్ చేశానండి. ఫోన్ పెట్టకముందే అవతల చర్చి గంట వినపడింది.” నవ్వాడు. నవ్వు ఆపుకోలేక ఇంకోసారి నవ్వాడు. “కోచ్ చెప్పారు. చొక్కా బరువే తేల్చిందట. మూడు రోజులూ ఒక్క ఔన్సు తేడా లేకుండా రాసింది మీరేనట. చాలా థాంక్సండీ టకెట్ గారూ.”

వర్లిన్ కోటు లాక్కున్నంత పని చేశాడు. “ముందు తల తుడుచుకో. నేలంతా తడిపేస్తున్నావు,” అన్నాడు.

వాడు వెళ్లాక పట్టీల డబ్బా తెరిచాడు. తెల్ల అక్షరాలు బోలెడున్నాయి. ఎర్ర పట్టీ ఒక్కటీ లేదు. ఏటా పదమూడే తెప్పిస్తారు, ఆ పదమూడోది టెక్సస్ కోటు మీద వెళ్లిపోయింది. కొత్తది కావాలంటే ఇండియానాపొలిస్ నుంచి వారం. ఆటకు ఇంకా ఆరు గంటలే ఉంది.

లేదని చెప్పొచ్చు. అబద్ధం కూడా కాదు. ఈ వారానికి వాడు బోడి వీపుతో రావచ్చు. తను రాలేదా? ఆ ఆలోచన ఎంత కమ్మగా ఉందంటే, వర్లిన్ దాన్ని కాసేపు నోట్లో పెట్టుకుని చప్పరించాడు. ఆ రుచి తీరాక లేచి, దారాల అలమర పై అరలోంచి, కాఫీ పొడి డబ్బా ఒకటి దించాడు. పాత బొత్తాలు, వంగిన సూదులు, వాటి అడుగున మైనపు కాగితంలో మడత.

లూయెల్లా కుట్టిన పట్టీ. గుడ్డ రంగు చెక్కు చెదరలేదు. వెలుతురు తగిలితే కదా వెలిసేది. తెల్లటి అక్షరాల్లో టకెట్ అని. ఫ్యాక్టరీ కుట్టు, లెక్కపెట్టినట్టు సమానంగా.

దాన్ని బోర్లా తిప్పాడు. వెనకవైపు ఉత్త ఎరుపు, దాని మీద తల్లి దారం గీసిన సన్నని గీతలు, అంతే.

వర్లిన్ ముఖంలో ఆ రోజు మొదటిసారి చిన్న నవ్వు లాంటిది కదిలింది. అది మంచి నవ్వు కాదు. ఇందులో త్యాగం, మాహాత్మ్యం వెతకబోయేవాళ్లు నిరాశపడతారు. ముప్పై ఎనిమిదేళ్లు గోడ బయట కూర్చున్నవాడికి కంతలోంచి లోపలికి దూరే దారి దొరికింది, అంతే. పైకి వాడి పేరు. లోపల, వీపుకు ఆనుకుని, నా పేరు. మూడు వేల మంది ముందుకు నేనూ వస్తాను. వాడు మోస్తాడు. మోయనీ, ఒళ్లు బలంగానే ఉందిగా.

బోంట్రేగర్ అన్న పేరు టకెట్ కంటే పొడుగు. అక్షరాలను పండగ బస్సులో జనంలా ఒకరి మీదికి ఒకరిని జరిపితే గాని పట్టలేదు. మిషను మీద పెట్టాడు. రెండు పొరల అక్షరాలు, మధ్యలో గుడ్డ. మొదటి సూది విరిగింది. రెండోదీ విరిగింది. చేత్తో కుట్టాల్సిందే. కళ్లద్దాలు ముక్కు కొసకు దించి, ఎర్రదారం మైనంలో లాగి, కుర్చీని ఆరబెట్టే మెషీను పక్కకు జరుపుకున్నాడు. ఆ వేడి ఎడం భుజానికి హాయిగా ఉంది.

సూది వాడి అక్షరంలో దిగి, తన అక్షరంలోంచి బయటపడి, మళ్లీ తిరిగి వస్తోంది. ఒక్కో అక్షరానికి పావుగంట. బి అక్షరానికి కోచ్ రస్క్ గుర్తొచ్చాడు. ఎన్ దగ్గర డ్వేన్ పెళ్లి గుర్తొచ్చింది. ఆ పెళ్లికి తను కుట్టిన కోటే వేసుకొచ్చాడు డ్వేన్, పేరు పట్టీతో సహా, జనం చప్పట్లు కొట్టారు. జి దగ్గరికొచ్చేసరికి ఎవరూ గుర్తు రాలేదు. వేళ్లు మాత్రమే పని చేస్తున్నాయి. నాలుక కొస పెదవి మూలకు వచ్చి నిలబడింది.

ఐదున్నరకు పట్టీని కోటు వీపున పెట్టి అంచులు మొదలెట్టాడు. పై అంచు. ఎడమ అంచు. తల్లి కుట్టినంత సమానంగా రావడం లేదు గాని, గట్టిగా వస్తోంది. కింది అంచు కూడా అయి, కుడి అంచు సగం దాకా వచ్చాడు. పైన జనం చేరుతున్న చప్పుడు. వాయిద్యాల వాళ్లు బాకాలు సరిచూసుకుంటున్నారు. మంట మళ్లీ వచ్చింది. ఈసారి దవడ దాకా ఎక్కింది. డ్వేన్ వచ్చి ముందు వరసలో మెత్త వేసుకుని కూర్చుని ఉంటాడు, అందుకే, అనుకున్నాడు వర్లిన్. ఇంకో రెండంగుళాలుంది. ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటే తగ్గిపోతుంది. సూదిని గుడ్డలోంచి పైకి లాగి, దారం పొడవునా వదిలి, చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు.

మెషీను తిరిగి తిరిగి ఆగింది. గంట మోగింది. ముప్పై ఎనిమిదేళ్లలో ఆ గంట మోగినా వర్లిన్ లేవకపోవడం అదే మొదలు.

ఆరున్నరకు ఎజ్రా మెట్లు దిగి వచ్చాడు. తలుపు దగ్గరే ఆగాడు. ముసలాయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కళ్లద్దాలు ముక్కు కొసన, నాలుక కొస పెదవి మూలన, ఒళ్లో ఎర్రకోటు. తెల్లారుజామున వచ్చి, మధ్యాహ్నం తిండి లేకుండా తన కోసమే కూర్చున్నాడని కుర్రాడికి అర్థమైంది. ఆవులున్న ఇంట్లో పుట్టినవాడు, నిద్రపోయేవాళ్లను లేపకూడదని తెలుసు. కోటును ఒళ్లోంచి మెల్లగా జార్చుకున్నాడు. ఆరబెట్టే మెషీనులోంచి వెచ్చటి తువ్వాలు ఒకటి తీసి ఆయన మోకాళ్ల మీద కప్పాడు. మునివేళ్ల మీద బయటికి నడిచి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేశాడు.

పైన దీపాలన్నీ వెలిగాయి. పన్నెండు వీపులు పరుగెత్తుకుంటూ వచ్చాయి. వాటి వెనక పదమూడోది. పేరు చదివి మూడు వేల మంది లేచారు. ముందు వరసలో డ్వేన్ ప్రూయిట్ అందరికంటే ఎత్తుగా నిలబడి, కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టాడు. ఎజ్రా బంతి అందుకుని గెంతాడు. వీపు మీద కుట్టని రెండంగుళాల మూల రెక్కలా లేచి, లోపలి తెల్లటి అక్షరం కొస ఒకటి చూపించి మళ్లీ మూసుకుంది. ఆ మూల నుంచి జారిన ఎర్రదారం చివర, ఎవరూ చూడని సూది ఒకటి, వాడు గెంతినప్పుడల్లా తళుక్కుమంటూ ఊగుతోంది.